గోపురం కనిపించేంత దూరం

మద్రాసు మనకు దక్కలేదని తేలిపోయాక మా తొండియార్‌పేట తెలుగు పెద్దలకు ఏం చెయ్యాలో తోచలేదు. అంతకు ముందు వాళ్ళకు చేతినిండా పనుండేది. సాయంత్రం కాగానే మా అరుగుమీద చేరి, పట్నం మనదేనని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. అవతలివాళ్ళతో ఆ మాట అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. కూరగాయల బండివాడు అరవంలో కేకేస్తే అరవంలోనే బేరమాడి, కొత్తిమీర కొసరడిగి, మళ్ళీ అరుగెక్కి పట్నం మనదే అనేవాళ్ళు. ఆంధ్రరాష్ట్రం వేరైంది. పట్నం ఇక్కడే ఉండిపోయింది, మేమూ ఇక్కడే ఉండిపోయాం. అరుగుమీద మాటలు అడుగంటాయి.

అప్పుడు హెడ్మాస్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయన మా నాన్నకు చిన్నప్పుడు పాఠాలు చెప్పిన మనిషి. ఉద్యోగం మానినా బెత్తం మానలేదు. చేతికర్ర పేరుతో దాన్నే పట్టుకు తిరిగేవాడు. ఆయన మాటకు మా వీధిలో ఎదురు లేదు. ఎదుటివాడు నోరు తెరిచేలోపల శ్లోకం ఎత్తుకునేవాడు, మరి ఎదురెలా ఉంటుంది? పట్నం చుట్టుపట్ల పాతగుళ్ళ గోడలమీద మన అక్షరాలు బోలెడున్నాయనీ, వాటిని వెతికి పట్టుకోవడం మన బాధ్యతనీ ఆయన తేల్చాడు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో తేల్చలేదు. నెలకొక ఆదివారం గుడి చూడటానికి సంఘం పెట్టారు. మా నాన్న కార్యదర్శి. రైలంత పొడుగు పేరొకటి అట్టమీద రాసి మా వసారాలో వేలాడగట్టారు. దాని అడుగున ఎర్రసిరాతో, 'స్త్రీ సభ్యులు కూడా కలరు' అని రాశారు. కాలం మారిందని నలుగురికీ తెలియాలి గదా. ఆ స్త్రీ సభ్యులు ఇద్దరు. ఒకరు నేను, ఒకరు మా అత్త.

నేనెందుకంటే, నాకు అరవం చదవడం వచ్చు. మూడు తరాలుగా పట్నంలో ఉంటున్నా మా పెద్దలకు అరవం మాట్లాడటమే గాని చదవడం రాదు. అది వాళ్ళ పౌరుషం. బస్సుమీద ఏ ఊరని రాసుందో చెప్పడానికి కూడా వాళ్ళకు నేనే కావాలి. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు, బి.ఏ. చదువుతున్నాను, మా వీధిలో బుర్ర ఉన్నదాన్ని నేనొక్కదాన్నేనని నాకు గట్టి నమ్మకం.

మా అత్త ఎందుకంటే, పులిహోర.

ఆమె మా నాన్నకు అక్క. పదిహేడేళ్ళకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేసరికే ఆమెది తెల్లచీర, మడి, వంటిల్లు. మా ఇంట్లో పొయ్యి ఆమెది. పండక్కీ తద్దినానికీ వండేది ఆమె, వడ్డించేది ఆమె, "ఇంకొకటి వెయ్యనా" అని విస్తరి విస్తరికీ వంగి అడిగేది ఆమె. వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో మా అమ్మకు కూడా తెలియదు. ఆ పెత్తనమంతా మడిమీదే నిలబడింది. బయటి తిండి ఒక్క మెతుకు నోట్లో పడిందంటే ఆమె చేతివంట ఇంకెవరూ తినరు. రాయపురంలో మాకు దూరపు బంధువు ఒకావిడ ఇలాగే పొయ్యిని నమ్ముకుని ఉండేది. ఒకసారి జ్వరంలో హోటలు కాఫీ తెప్పించుకుని తాగిందట. వెంటనే వంటమనిషిని పెట్టుకుని, ఆవిణ్ణి వెనకగదిలోకి మార్చారు. పలకరించే దిక్కు లేక ఆవిడ ఆ గదిలోనే పోయింది. ఆ సంగతి మా అత్తకు బాగా తెలుసు.

ప్రయాణం ఉన్న ఆదివారం ఆమె తెల్లవారకముందే తలస్నానం చేసి, పదకొండుమందికి పులిహోర, దద్దోజనం కలిపి ఇత్తడి డబ్బాల్లో సర్దేది. బస్సులో పదిమందీ తగులుతారు. దాంతో మడి పోతుంది. మళ్ళీ ఇంటికొచ్చి తలకు పోసుకుంటేగాని ఆమె ముద్ద ముట్టకూడదు. మగవాళ్ళకు ఈ చిక్కు లేదు, శాస్త్రం వాళ్ళమీద ఎప్పుడూ దయగానే ఉంటుంది. అందరికీ వడ్డించి, తాను వండిందాన్ని తాను తినకుండా, మంటపంలో స్తంభానికానుకుని సాయంత్రందాకా కూర్చునేది. అయినా వస్తాననేది. ఏడాది పొడుగునా ఆమె వీధి మొహం చూసేది ఆ ఆదివారాలే. ఆమె పస్తుకు హెడ్మాస్టరుగారు 'నిష్ఠ' అని పేరు పెట్టాడు. ఆయనకు మాత్రం పదింటికల్లా కడుపులో ఎలుకలు పరిగెత్తేవి.

అక్షరాల వేట ఇలా సాగేది. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి, గోడకు ముక్కు ఆనించి, "ఇది మనదే" అనేవాడు. నేను చదివి, ఎవరో దీపానికి గొర్రెలు దానమిచ్చారని అరవంలో ఉందని చెప్పేదాన్ని. "లిపి వాళ్ళదయితే అయింది, రాయి మనది" అనేవాడు. అందరూ తలలాడించేవాళ్ళు. ఆరునెలలు తిరిగాక ఒక గుడి గోడమీద నిజంగానే తెలుగు కనిపించింది. మా నాన్నకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గరికెళ్ళి చూస్తే, 'ఇచ్చట చెప్పులు విడువరాదు.' సంఘం పుస్తకంలో దాన్ని కూడా రాయమన్నారు. రాశాను.

ఇక తిండి. మా గుంపులో ప్లీడరు గుమాస్తా ఒకాయన ఉండేవాడు. ఆయనకు శాసనాలు కనిపించేవి కావు గాని, శనగల సుండల్ తాలింపు మూడు వీధుల అవతలినుంచి వినిపించేది. మా ఇళ్ళల్లో బయటి తిండి తినకూడదు. ముఖ్యంగా, తిన్నట్టు ఇళ్ళదగ్గరున్న ఆడవాళ్ళకు తెలియకూడదు. దీనికి హెడ్మాస్టరుగారు మార్గం కనిపెట్టాడు. ప్రసాదానికి అంటు లేదని మా పెద్దలు అనాదిగా చెప్పే మాటే. ఎవరు వండారు, ఎక్కడ వండారు అని ప్రసాదాన్ని అడక్కూడదు. ఆయన ఆ మాటను పట్టి కాస్త సాగదీశాడు. గోపురం కనిపించేంత దూరంలో నిలబడి, తినబోయేదాన్ని గోపురానికి చూపించి, సమర్పయామి అంటే, ఏదైనా ప్రసాదమేనట.

అంతే, సంఘానికి కొత్త ఊపిరి వచ్చింది. బజ్జీ సమర్పయామి, బియ్యప్పిండి పుట్టు సమర్పయామి, ఉడకబెట్టిన తాటితేగలు సమర్పయామి. దేవుడు కూడా మాతోపాటు పట్నమంతా తిని ఉంటాడు. పోనుపోను గోపురం కూడా దూరమవుతూ వచ్చింది. మైలాపూరులో ఒక హోటలు వాకిట్లో గుమాస్తా కాలివేళ్ళమీద లేచి, మెడ చాచి, "కలశం కనబడతా ఉంది, కలశం కనబడతా ఉంది!" అని అరవడం నేను కళ్ళారా చూశాను. తరవాత అందరూ కూర్చుని మా అత్త పులిహోర కూడా తినేవాళ్ళు. సంఘం పుస్తకం ఇప్పుడు తీసి చూస్తే శాసనాలకు ఒకటిన్నర పేజీ, మిగతాదంతా ఫలహారం.

తిరువొత్తియూరు వెళ్ళినప్పుడు ఆప్పం తగిలింది. తేరు వీధి మొగలో ఒకామె పొయ్యిమీద చిన్న చట్టి పెట్టుకుని పోస్తోంది. పిండి పోసి, చట్టిని రెండు చేతులా పట్టి గుండ్రంగా తిప్పి మూత పెడుతుంది. తీసేసరికి అంచులు జాలరులాగా కరకరమంటూ, నడుమ దూదిలాగా ఉంటుంది. ఆకులో వేసి, దానిమీద బెల్లం కలిపిన కొబ్బరిపాలు పోస్తుంది. గుమాస్తాకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

"అయ్యవారూ, పిండి పొంగేదానికి కల్లు పోస్తారంట గదా?"

"మద్యనిషేధం వచ్చినాక కల్లు యాడిదయ్యా?" అని హెడ్మాస్టరుగారు గోపురానికి ఆకు చూపించి, ఐదు తిన్నాడు.

మా అత్త ఇత్తడి డబ్బాలు పట్టుకుని వెనకాల నిలబడి, చట్టికేసే చూస్తోంది. బస్సులో నా పక్కన కూర్చుని మెల్లిగా అడిగింది.

"నడిమధ్యలో మెత్తంగా ఉండాదే, అది ఉడికినట్టేనా పాపా?"

"ఉడికినట్టే అత్తా."

ఖాళీ డబ్బాలు ఒళ్ళోకి లాక్కుంది. తరవాత అంది: "ఎవురో పొయ్యి రాజేసి, ఎవురో పోసి, మన ముందర వేడివేడిగా పెడితే ఎట్లుంటాదో. నాకొక్కటి తినాలని ఉండాది. నోరు జారినాను. మీ నాయనకి చెప్పబాక."

నేను చెప్పాను. బి.ఏ. చదువుతున్నదాన్ని గదా, లోకాన్ని ఆ సాయంత్రమే బాగుచేసేద్దామనుకున్నాను. ప్రసాదం అందరికీ ఒకటేనని, ఆమె కూడా సభ్యురాలేనని వాదించాను. మా నాన్న మంచివాడే. కాని ఆయన మంచితనానికి హెడ్మాస్టరుగారి సంతకం కావాలి. మర్నాడు వెళ్ళి అడిగొచ్చాడు. ఆమెది నిష్ఠ అనీ, నిష్ఠ ఉన్నవాళ్ళకు ఈ సదుపాయం వర్తించదనీ తీర్పు వచ్చింది. మా నాన్న వంటింటి గుమ్మం ఇవతల నిలబడి ఆమెతో అన్నాడు:

"అక్కా, నీకెందుకీ పాడు కోరిక? ఆ ముక్క నోట్లో పడిందంటే తద్దినం వంటకి నేను వేరే మనిషిని చూసుకోవాల. తెలుసు గదా?"

"తెలుసురా," అంది ఆమె, గరిటె తిప్పుతూనే. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మూడురోజులు నాకు అన్నం పెట్టేటప్పుడు మాత్రం నా కళ్ళలోకి చూడలేదు. నా తెలివి ఆమెకు రాయపురం వెనకగదిని గుర్తుచేయడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. నాకు సిగ్గేసింది.

వానలు మొదలయ్యాక సంఘం అంబత్తూరు వెళ్ళింది. ఇప్పుడు అక్కడంతా ఫ్యాక్టరీలు. అప్పుడు చెరువు, పొలాలు, పుట్టలు. రైలు దిగి పొలాల గట్లమీద బురదలో నడిచి ఒక పాత శివాలయం చూశాం. గోడమీద ఎప్పటిలాగే గొర్రెలు, దీపం. "రాయి మనది" అనేటప్పటికి అందరికీ ఆకలి. గుడి ఎదుట ఒక ముసలామె గంపలో బొరుగులు పెట్టుకుని కూర్చుంది. బొరుగుల్లో వేయించిన గోధుమరంగు గింజలేవో కలిపి ఉన్నాయి. గుమాస్తా గుప్పెడు తీసి వాసన చూసి పరవశించాడు.

"అయ్యవారూ, నేతిలో వేపినట్టుండాది! ఏదో మూలిక గింజ."

హెడ్మాస్టరుగారు నాలుగు నమిలి, ఇది వాతహరమని నిర్ణయించాడు. ఆయనకు పేరు తెలియని వస్తువులన్నీ వాతహరాలే. అందరూ పొట్లాలు గోపురంవైపు ఎత్తి సమర్పయామి అన్నారు. నేను పొట్లం విప్పబోతూ ఒక గింజకు కాళ్ళుండటం చూశాను. ఆ మాట చెప్పేలోపలే గుమాస్తా రెండో పొట్లం తీసుకుంటూ, ఈ గింజ ఏ చెట్టుదని ముసలామెను అడిగాడు. ఆమె ఆయనకేసి జాలిగా చూసి, చెట్టుది కాదు సామీ, పుట్టది అంది. రాత్రి వానకు పుట్టలోనుంచి లేచిన ఉసిళ్ళట. దీపం పెట్టి పట్టి, రెక్కలు రాల్చి వేయించిందట. నేతిలో కాదు, వాటికే కొవ్వు ఎక్కువట.

మా ఇళ్ళల్లో కోడిగుడ్డు అనే మాట వినిపించినా నోరు కడుక్కుంటారు. అక్కడ పదిమంది మగవాళ్ళు నోళ్ళు సగం తెరిచి, మింగడమా ఉమ్మడమా తెలియక నిలబడిపోయారు. ఒకాయన అప్పటికే వేపచెట్టు వెనక్కి పరిగెత్తాడు. మా నాన్న నాలుక చాపి తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. వచ్చేనెల మా తాత తద్దినం. పురుగులు తిన్న నోటితో మంత్రం చెప్పాలి. అన్నిటికంటే ముందు, మా అమ్మకు తెలియకూడదు. తెలిస్తే ఆయన్ని దేవుడి గదిలోకి కాదుగదా, వసారాలోకి కూడా రానివ్వదు.

"ఉమ్మబాకండి!" అని హెడ్మాస్టరుగారు కర్ర పైకెత్తాడు. "సమర్పయామి అన్నారా లేదా? అన్నాక అది ప్రసాదం. ప్రసాదాన్ని ఉమ్మితే మహాపాపం. మింగండి!"

మింగారు. ఆయన కూడా మింగాడు. ఆ గుటక నాకు ఇప్పటికీ గుర్తుంది. వెంటనే మంటపంలో కూర్చుని తీర్మానం రాయించాడు. 'సంఘ సభ్యులు గోపురం కనిపించేంత దూరంలో సమర్పించి తిన్నది, ఎవరు వండినా, ఏ పదార్థమైనా, నిర్దోషమైన ప్రసాదమే. దానివల్ల ఏ సభ్యుల ఆచారానికీ భంగము లేదు.' రేపు ఏ ఆడది నిలదీసినా చూపించడానికి ఒక కాగితం ఉండాలని ఆయన ఆలోచన. నేను రాశాను. పదిమందీ సంతకాలు పెట్టారు.

మా అత్త స్తంభం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆమె అలా ఒళ్ళంతా కదిలేలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. నవ్వు ఆపి, కళ్ళు తుడుచుకుని, నన్ను పిలిచింది.

"పాపా, సభ్యులంటే ఎవురెవురు?"

"మనిద్దరం గూడా ఉండాం అత్తా. అట్టమీద ఎర్రసిరాతో రాసినారు గదా."

సరేనంది. 

తరవాతి ఆదివారం యాత్రకు ఎవరికీ కొత్త చోటికి వెళ్ళే ధైర్యం లేకపోయింది. మళ్ళీ తిరువొత్తియూరే అన్నారు. దర్శనం ముగించి, ఎవరూ చెప్పకుండానే అందరి కాళ్ళూ తేరు వీధి మొగకు నడిచాయి. ఆప్పాలామె పొయ్యి రాజేస్తోంది. గుమాస్తా పంచె పైకి మడిచి కూర్చోబోతున్నాడు. అప్పుడు మా అత్త ఇత్తడి డబ్బాలు మా నాన్న చేతిలో పెట్టింది.

"ఇవి పట్టుకోరా."

పట్టుకున్నాడు. ఆమె వెళ్ళి గుమాస్తా కూర్చోబోయిన చెక్కపలకమీద కూర్చుని, ఒకటి పొయ్యమని చెప్పింది. మా నాన్న మొహంలో నెత్తురు లేదు.

"అక్కా! లెయ్యి! ఏందీ పని?"

ఆమె నావైపు తిరిగి, "పాపా, ఆ పుస్తకం తియ్యి. అంబత్తూరులో రాసింది గట్టిగా చదువు," అంది.

చదవడం మొదలుపెట్టాను. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. 'ఏ పదార్థమైనా' దగ్గరకు వచ్చేసరికి మా నాన్న, "చాల్లే, చాల్లే, మెల్లంగా!" అని చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయ్యవారూ," అంది మా అత్త.  "తప్పంటే చెప్పండి, ఇప్పుడే లేస్తాను. మీరందురూ ఇంటికి బొయ్యి ప్రాయశ్చిత్తం చేసుకోండి, మీతోపాటు నేనూ చేసుకుంటాను. ఎందుకు చేసుకుంటా ఉండారో ఆడోళ్ళకి నేనే చెప్తాను. తప్పు కాదంటే, అది గూడా చెప్పండి."

హెడ్మాస్టరుగారు గోపురంకేసి చూశాడు, నేలకేసి చూశాడు. ఆయనకు శ్లోకం తట్టకపోవడం మా సంఘ చరిత్రలో అదే మొదలు. చివరకు, "ప్రసాదమేనమ్మా," అన్నాడు.

"తద్దినం, అక్కా," అన్నాడు మా నాన్న, డబ్బాలు పట్టుకునే, చిన్నపిల్లాడి గొంతుతో.

"నేనే వొండుతాను. నువ్వే పెడతావు. నువ్వు తిన్నదీ ప్రసాదమే, నేను తినేదీ ప్రసాదమే."

 ఆ నెల తద్దినం అలాగే జరిగింది. వంటిల్లు ఆమెదిగానే ఉంది, ఆమె పోయేదాకా.

ఆప్పం వచ్చింది. మగవాళ్ళలాగా ఆమె ఆకును గోపురానికేసి విసిరినట్టు చూపించలేదు. రెండు చేతులా ఎత్తి, కళ్ళు మూసుకుని, చాలాసేపు పట్టుకుంది. తరవాత అంచు తుంచి కొబ్బరిపాలలో ముంచి నోట్లో పెట్టుకుంది.  నడిమి మెత్తటి ముక్కను చివరిదాకా అట్టేపెట్టుకుని తింది. పదిమంది మగవాళ్ళు ఆకలితో నిలబడి ఆమె తినడం చూస్తున్నారు. పులిహోర డబ్బాలు చేతిలో ఉన్నా, వడ్డించే మనిషి కూర్చుని ఉంది గదా.

ఆకు ఖాళీ కాగానే ఆప్పాలామె గరిటెలో పిండి తీసుకుని, మా అత్త ముందుకు వంగి, "ఇన్నొణ్ణు ఊత్తట్టుమామ్మా?" అని అడిగింది. ఇంకొకటి పొయ్యనా అమ్మా అని.

మా అత్త వెనక్కి తిరిగి చూసింది. ఎవరిని అడుగుతోందో అనుకుని. వెనకాల ఎవరూ లేరు. అప్పటిగ్గాని తననే అడుగుతోందని ఆమెకు తెలియలేదు. ముప్పై అయిదేళ్ళు ఆమె మా అందరి విస్తళ్ళమీదా వంగి అడిగిన మాట అది. మా ఇంట్లో ఒక్కరు కూడా ఆమెను అడగలేదు. మా నాన్న అడగలేదు, మా అమ్మ అడగలేదు, బి.ఏ. చదువుతున్న నేనూ అడగలేదు.

"పొయ్యమ్మా," అంది, కళ్ళు ఒత్తుకుంటూ.